బావ ముందు సాదా పెట్రోలు

కారుకు ఏ పెట్రోలు పోయించాలన్నది కారుకూ నాకూ మధ్య విషయమని మొన్నమొన్నటిదాకా అనుకునేవాణ్ణి. మహా అయితే మధ్యలో బంకులో పనిచేసే ఆవిడ ఉంటుంది. ఆవిడ అడుగుతుంది, మనం చెబుతాం, మీటరులో సున్నా చూపిస్తుంది, కొడుతుంది, అయిపోతుంది. ఇందులోకి మా అమ్మ, మా అక్క, నా భార్య, ఆవిడ తమ్ముడు, అందరికన్నా ముందు మా బావ వచ్చి కూర్చుంటారని తెలిసి ఉంటే నేను అసలు కారే కొనేవాణ్ణి కాదు. శుభ్రంగా సిటీ బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడేవాణ్ణి.

కారంటే అదేదో పెద్ద కారనుకునేరు. సెకండ్ హ్యాండుది. ఏసీ వేస్తే సింహాచలం ఘాటు రోడ్డు ఎక్కదు, ఘాటు ఎక్కాలంటే ఏసీ కట్టెయ్యాలి. నేను పోర్టు వర్క్‌షాపులో ఇంజన్ల మధ్య బతికేవాణ్ణి కాబట్టి దాని దగ్గూ జలుబూ నేనే చూసుకుంటాను. ప్రీమియం పెట్రోలు దానికెందుకూ పనికిరాదని నాకు మొదటినుంచీ తెలుసు. ఆ ఖరీదైన పెట్రోలు పెద్దపెద్ద బళ్ళకి, లోపల పెట్రోలును గట్టిగా ఒత్తి మండించే ఇంజన్లకి. నా కారు అది తాగినా ఒకటే, సాదాది తాగినా ఒకటే. ఈ మాట ఇప్పటికీ ఎవరితోనైనా పందెం వేసి చెబుతాను. కానీ ఏం లాభం? నా మాట ఎవడిక్కావాలి?

ఆ రోజుల్లో మేం పెందుర్తిలో ఇల్లు పూర్తిచేసి గృహప్రవేశం పనుల్లో ఉన్నాం. అప్పటిదాకా కంచరపాలెంలో అద్దె. మా ఇళ్ళల్లో కొత్త పొయ్యి మీద పాలు పొంగించేది ఇంటి ఆడపడుచే. పంతులు ఆలస్యమైనా సర్దుకుంటాం, వంటవాడు రాకపోయినా హోటలునుంచి తెప్పించుకుంటాం. ఆడపడుచు లేకుండా మాత్రం పొయ్యి వెలగదు. నాకున్నది ఒక్కర్తే అక్క. నాన్న పోయాక నాకు చీవాట్లు పెట్టే హక్కు సగం అమ్మకీ సగం అక్కకీ వచ్చింది. అక్క చెయ్యి పడకుండా ఆ ఇంట్లోకి వెళ్ళడమంటే, ఎవరి ఇంట్లోకో వెళ్ళినట్టే నాకు. అక్క రావాలంటే బావ తీసుకురావాలి. బావ లేకుండా ఒక్కర్తే వచ్చిందంటే వచ్చినవాళ్ళంతా పాలు మానేసి దాని మొహమే చూస్తారు.

బావవాళ్ళది గోదావరి జిల్లా. స్టీలు ప్లాంటులో ఉద్యోగానికని వాళ్ళ కుటుంబం ఇక్కడికి వచ్చి స్థిరపడింది. బావ కూడా అందులోనే, ల్యాబులో పనిచేసి ఈ మధ్యనే రిటైరయ్యాడు. కూర్మన్నపాలెంలో సొంత ఫ్లాటు. వాళ్ళ మర్యాదలు వేరు, మావి వేరు. మా ఇంట్లో ఎవరైనా వస్తే "తింటావా?" అంటాం. వద్దంటే, సర్లే అని మేం తినేస్తాం. వాళ్ళింట్లో కాఫీ వద్దంటే టీ, టీ వద్దంటే మజ్జిగ, మజ్జిగ కూడా వద్దంటే కోపం. ఆ పెళ్ళి కుదిరినప్పటినుంచీ మేం ఒక్కో మర్యాద వాళ్ళని చూసి నేర్చుకుంటూ వచ్చాం. ఎన్ని నేర్చుకున్నా ఇంకోటి మిగిలే ఉంటుంది. అలా మిగిలిపోయినవాటిల్లో పెట్రోలు ఒకటని నాకు ఎవరూ చెప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున్న కొత్తింట్లో టైల్స్ వేయించాక చూపిద్దామని బావను ఎక్కించుకుని పెందుర్తి బయల్దేరాను. గోపాలపట్నం దాటాక బంకులోకి తిప్పాను. నా కారుకు పెట్రోలు మూత ఎడమవైపు ఉంటుంది. అందుకని బంకావిడ బావ కూర్చున్న వైపు వచ్చి, కిటికీలోకి వంగి అడిగింది.

"ప్రీమియమా, సాదానా అన్నా?"

"సాదాయే కొట్టమ్మా. ఈ డొక్కుకి అదే ఎక్కువ," అన్నాను నేను ఇటునుంచి.

అంతే. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మా అమ్మ మీద ఒట్టు.

అక్కణ్ణుంచి బావ బిగుసుకుపోయాడు. కొత్తింట్లో గదులన్నీ తిప్పాను. టైల్స్ ఎలా ఉన్నాయి బావా అంటే "ఉన్నాయి" అన్నాడు. బోరు నీళ్ళు తియ్యగా పడ్డాయి, తాగి చూడమంటే "ఇప్పుడే తాగొచ్చాను" అన్నాడు. గోదావరి మనిషి ఒకరింట్లో నీళ్ళు వద్దన్నాడంటే నాకు అప్పుడే వెలగాలి. వెలగలేదు. ఆయనకి గ్యాసు పట్టిందేమో అనుకున్నాను.

మర్నాడు అక్క ఫోన్ చేసింది.

"ఒరే, మీ బావ రానంటన్నారు."

"ఎక్కడికే?"

"ఇంకెక్కడికి? పాలు పొంగించడానికి. నన్ను కూడా ఎల్లొద్దంటన్నారు. నువ్వు సాదా పోయించినావంట కదరా?"

"నానేటి పోయించినాను? ఎవలికి పోయించినాను?"

"పెట్రోలురా! ఆయన్ని ముందు సీట్లో కూకోబెట్టుకుని సాదా పెట్రోలు పోయించినావంట. మీ ఆవిడ తమ్ముడు ఎక్కినప్పుడేమో ప్రీమియం పోయించినావంట. ఆ కుర్రోడు మొన్న సుట్టాల పెళ్ళిలో అందరికీ సెప్పుకున్నాడు. ఇంటికి ఒక్క అల్లుడు నాను, నాకు సాదానా అని కూకున్నారు మనిషి."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా భార్య తమ్ముడు ఎక్కిన మాట నిజం. ప్రీమియం పోయించిన మాటా నిజం. ఎందుకు పోయించానో నాకు తెలుసు. ఆ రోజు బంకులో సాదా పంపు పాడైపోయింది. దానికి గోనెసంచి కట్టేసి ఉంది. కారు చూస్తే రిజర్వులో ఉంది. గత్యంతరం లేక పళ్ళు కొరుక్కుంటూ ప్రీమియం కొట్టించాను. పక్క సీట్లో కూర్చున్న ఆ పెద్దమనిషి దాన్ని తనకు జరిగిన సన్మానం కింద జమ వేసుకుంటాడని నేను కలగన్నానా?

ఇదంతా అక్కకి ఫోనులోనే గట్టిగా చెప్పాను. గట్టిగా చెప్పడమే నా కొంప ముంచింది. వంటింట్లోంచి నా భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అంటే ఆ పంపు బాగుంటే మా తమ్ముడికి కూడా సాదాయే పోయించుదురన్నమాట."

"ఎవరికీ పోయించలేదే తల్లీ! కారుకి పోయించాను!"

"తెలిసింది లెండి. మావోడు ఎర్రిమొహం, బావ నాకు ప్రీమియం కొట్టించాడని మురిసిపోయి ఊరంతా సెప్పుకున్నాడు. పంపు పాడైపోతే గానీ మావోల్లకి మర్యాద లేదు ఈ ఇంట్లో."

ఆ పూట పప్పులో ఉప్పు లేదు. ఏమిటని అడిగే ధైర్యం నాకూ లేదు. ఒక్క ట్యాంకు పెట్రోలుతో అటు అక్కగారి వైపూ ఇటు అత్తగారి వైపూ ఒకేసారి తగలబెట్టిన మగాడు విశాఖపట్నంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

సరే, చదువుకున్న మనిషి కదా, వివరంగా చెబితే వింటాడు అనుకుని బావకే ఫోన్ చేశాను. అది రెండో తప్పు. మొదటి తప్పుకన్నా పెద్దది. ఆక్టేను అంటే ఏమిటో మొదలుపెట్టి, ఇంజనులో ఒత్తిడి గురించి చెప్పి, మన బండి పాతది కాబట్టి దానికి ప్రీమియం ఎక్కదనీ, అది వృథా అనీ ఒక క్లాసు పీకాను. అటువైపు చప్పుడు లేదు. కట్ అయిందేమోనని "బావా?" అన్నాను.

"ఉన్నానయ్యా. వింటన్నాను. చెప్పు. ముప్పై ఏళ్ళకు పైగా ల్యాబులో ఉన్నవాడికి నువ్వు ఆక్టేను గురించి చెప్తన్నావు, ఎంత బాగా చెప్తన్నావో అని వింటన్నాను."

"అది కాదు బావా, ఇంజనుకి తేడా లేదని..."

"ఇంజనుకి తేడా లేదని నాకూ తెలుసు. తేడా నాకుంది," అని ఫోన్ పెట్టేశాడు.

ఒళ్ళు మండిపోయింది. నా కారు, నా జేబు, నా బంకు. పోతే పోనీ, ఎవరూ రావద్దు, నేనే పాలు పొంగించుకుంటాను, అసలు పాలే వద్దు, హార్లిక్సు కలుపుకు తాగుతాను అని ఇల్లంతా తిరుగుతూ అరిచాను. అమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ అంతా విని, చేట పక్కన పెట్టింది.

"అరిసినావా? అయిపోయిందా? ఇప్పుడిను. మీ నాన్న ఉన్నప్పుడు అల్లుడుగారు వత్తన్నారంటే పక్కింటోల కోడిపుంజు కూడా గూట్లోంచి బయటికొచ్చీది కాదు. మనింట్లో ఉందా నేదా అని సూసుకోనేదు, పెట్టినాం. నువ్వేటి సేసినావు? ఆయన కల్లెదురుగా తక్కువది అడిగి మరీ పోయించినావు."

"అమ్మా, అది కారు తాగుద్దే, ఆయన తాగడు."

"విస్తరి మీద ఏసినా, బండిలో పోసినా, ఆయన కూకున్న కాడే కదా! పో. బండిలో ఆ తక్కువది ఉన్నంతసేపు ఆల్లింటి గుమ్మం తొక్కడానికి నేదు. మంచిది పోయించు. పసుపు కుంకుమ అట్టుకుని మల్లీ పిలుద్దుం. నానూ వత్తాను."

"సరే, వర్క్‌షాపుకి తీసుకెళ్ళి గొట్టం పెట్టి ఉన్నది తీయించేస్తాను."

"శుబకార్యం పెట్టుకుని ఒలకబోత్తావేటిరా? నూనైనా పెట్రోలైనా ఒలకబొయ్యకూడదు. వాడిపారెయ్యి."

వాడిపారెయ్యడం. అదీ తీర్పు. ట్యాంకులో ఇంకా నాలుగైదు లీటర్ల సాదా పెట్రోలుంది. దాని మీద ప్రీమియం పోస్తే కలిసిపోతుంది, కలిసిందాన్ని ఏమంటారో అమ్మ శాస్త్రంలో లేదు. కాబట్టి ఆ ఉన్నదాన్ని మండించి పారేసి, తర్వాత బంకులో ప్రీమియం పోయించి, అప్పుడు కూర్మన్నపాలెం వెళ్ళాలి. ఇంజన్ల మీద బతికే నేను, పెట్రోలు తగలెయ్యడానికని సెలవు పెట్టి, అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, పక్కన మాట్లాడని భార్యతో ఊరిమీద పడ్డాను.

మామూలు రోజుల్లో ద్వారకా నగర్‌లో కారు పెడితే కోచింగ్ సెంటర్లు వదిలిన పిల్లల మధ్య ఇరుక్కుని గంటలు గంటలు ఇంజను ఆన్‌లోనే ఉంటుంది. పెట్రోలు తగలెయ్యడానికి అంతకన్నా మంచి చోటు ఊళ్ళో లేదని నేరుగా అక్కడికే పోనిచ్చాను. ఆ రోజు చూద్దురు కదా, రోడ్డు ఖాళీ. ఏదో పరీక్షట, పిల్లలంతా లోపలున్నారట. వెళ్ళిన ప్రతి సిగ్నలూ పచ్చగా నన్ను చూసి నవ్వింది. బస్టాండు కాంప్లెక్సు చుట్టూ తిరిగాను. మళ్ళీ తిరిగాను. నా కారు పుట్టి ఎరగనంత మైలేజీ ఆ రోజు ఇచ్చింది. పెట్రోలు ముల్లు ఉన్నచోట ఉన్నట్టే ఉంది. దాన్ని కొనుక్కున్న నాటినుంచీ తక్కువ తాగవే తల్లీ అని మొక్కుకున్నవాణ్ణి, ఆ రోజు తాగు తాగు అని స్టీరింగు మీద కొట్టాను.

"ఏసీ ఎయ్యండి, బేగి అయిపోద్ది," అంది నా భార్య. రెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఏసీ వేసి బీచ్ వైపు తిప్పాను. జాలరిపేట దగ్గర అమ్మ ఆపమంది. ఎలాగూ తిరుగుతున్నాం కదా, అల్లుడుగారికి చందువా చేపలు పట్టుకెళ్దామంది. నేను ఇంజను ఆపకుండానే అమ్మ దిగింది. చేపలావిడ బుట్ట ముందు కూర్చుని, గుర్రుమంటున్న కారువైపు చూసింది.

"బండి ఆపుకోరేటి బాబు? పెట్రోలు దండగ కదేటి?"

"దండగ సెయ్యడానికే వచ్చినాం," అంది అమ్మ బేరం ఆపకుండానే. చేపలావిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఒక చేప ఎక్కువే వేసింది. జాలిపడిందనుకుంటాను.

కిటికీలు మూసి, ఏసీ వేసి, చేపలతో ఆ కారులో మేం చేసిన ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. బీచ్ రోడ్డంతా పోయి, పోర్టు పక్కనుంచి, కాన్వెంటు జంక్షన్ మీదుగా సింధియా రోడ్డు పట్టుకున్నాం. ముల్లు అప్పటికి దిగింది. దిగడం మొదలుపెట్టాక మరి ఆగలేదు. గాజువాక ముందు ఒక బంకుంది, అక్కడిదాకా వస్తుంది, అక్కడ ప్రీమియం కొట్టిద్దామని లెక్క వేసుకున్నాను. మల్కాపురం దగ్గర కారు నాలుగు కుదుపులు కుదిపి, దగ్గి, ఆగిపోయింది.

ఎక్కడ ఆగిందో చెబితే మీరు నమ్మరు. రిఫైనరీ గోడ పక్కన. ఆ గోడకి అవతల పెద్దపెద్ద ట్యాంకులు. రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి పెట్రోలు లారీలు. గాలి పీలిస్తే పెట్రోలు వాసన. రాష్ట్రంలో సగంమందికి పెట్రోలు అక్కణ్ణుంచే పోతుందేమో, మా కారులో మాత్రం ఒక్క చుక్క లేదు. బంకు ఇంకా దూరం. సీసాలో ఇమ్మంటే బంకువాళ్ళు ఇవ్వరు. వెనక సీట్లో అమ్మ ఒడిలో పసుపు కుంకుమ పళ్ళెం, కాళ్ళ దగ్గర చేపలు. ఎండ.

నేను బానెట్ ఎత్తి, లోపల చూడ్డానికి ఏమీ లేకపోయినా చూస్తూ నిలబడ్డాను. వర్క్‌షాపువాళ్ళెవరైనా బండి మీద వస్తారేమో ఆపుదామని నా ఆశ. ఇంతలో అమ్మ నన్నడక్కుండా ఫోన్ చేసేసింది. అక్కకి.

"ఓలమ్మా, బండి ఆగిపోనాది. మీ ఇంటికే వత్తన్నాం. ఎండలో ఉన్నాం. సేపలు పాడైపోతాయే!"

కాసేపటికి స్కూటరు మీద బావ వచ్చాడు. హెల్మెట్ తీసి మా అమ్మకి దణ్ణం పెట్టాడు. నా వైపు చూడలేదు.

"ఏవైందండి అత్తయ్యగారూ?"

"పెట్రోలయిపోనాది బాబు."

బావ ఇంకేమీ అడగలేదు. స్కూటరు సీటెత్తి, డిక్కీలోంచి సన్న గొట్టం తీశాడు. ల్యాబు మనిషి కదా, అన్నీ ఉంటాయి. నా భార్య తాగే నీళ్ళ సీసా ఖాళీ చేసి ఇచ్చింది. గొట్టం ఒక కొస స్కూటరు ట్యాంకులో వేసి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. రాలేదు. గట్టిగా పీల్చాడు. వచ్చింది, నోటినిండా వచ్చింది. ఉమ్మాడు, దగ్గాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దగ్గుతూనే గొట్టం సీసాలోకి వంచాడు. మొహం ఎర్రగా కందిపోయింది. ఉన్న ఒక్క అల్లుడు రోడ్డు మీద పెట్రోలు ఉమ్ముతుంటే చూడలేక అమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి.

"బావా, అది ప్రీమియమేనా?"

దగ్గుతున్నవాడు ఆగి నా వైపు చూశాడు. మూతి తుడుచుకున్నాడు.

"సాదాయేనయ్యా. స్కూటరుకి ప్రీమియం ఎవడు పోస్తాడు?"

"ఓలమ్మో!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. "పొద్దున్న కాన్నించి ఊరంతా తిప్పి తిప్పి ఉన్నదంతా తగలేసినాడు బాబు, తమరింటికి ఆ తక్కువది లేకుండా రావాలని! మల్లీ అదే పోత్తన్నారేటి!"

బావకి అర్థం కాలేదు. ఏం తగలేశాడు, ఎందుకు తగలేశాడు అని అడిగాడు. నా భార్య మొత్తం చెప్పింది. కాంప్లెక్సు చుట్టూ తిరగడం, ఏసీ, చేపలావిడ, అన్నీ. నేను బానెట్ వెనక నిలబడి విన్నాను. సిగ్గుతో చచ్చాను. బావ సీసా పట్టుకుని వింటూ వింటూ నవ్వాడు. నవ్వితే మళ్ళీ దగ్గొచ్చింది. ఆ నవ్వూ దగ్గూ తగ్గాక గోడనీడకి వెళ్ళి కూర్చున్నాడు. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నీకు పిచ్చిగాని ఉందా బామ్మర్దీ?"

"ఉంది బావా. మరి నువ్వేటన్నావు? మా ఆవిడ తమ్ముడికి ప్రీమియం, నీకు సాదా అన్నావు."

"కోపమొచ్చినప్పుడు ఏదో ఒక కారణం చెప్పాలి కదయ్యా. ఉన్నది చెప్పడానికి సిగ్గేసింది." కాసేపు గొట్టాన్ని చుట్ట చుట్టాడు. "ప్లాంటులో ఉన్నన్నాళ్ళూ నాకు ఫోన్లే ఫోన్లు. సార్, శాంపుల్ ఎలా ఉంది? వదిలెయ్యమంటారా, ఆపమంటారా? నేను ఊఁ అంటేనే వదిలేవాళ్ళు. రిటైరైన మర్నాటినుంచీ ఒక్కడూ అడగడు. ఏం అడుగుతారులే, వాళ్ళకి వేరేవాడు ఉన్నాడు. ఇంట్లో మాత్రం? కూర ఏం వండాలో అడగరు. పిల్లలకి ఫోన్ చేస్తే అమ్మకివ్వు అంటారు. ఆ రోజు బంకులో ఆవిడ నా కిటికీలోకి వంగి, నా మొహం చూసి అడిగిందయ్యా, ఏది కొట్టమంటారని. ఎన్నాళ్ళకో ఒక మనిషి నన్ను ఒక మాట అడిగింది. నేను నోరు తెరిచాను. నువ్వు అటునుంచి అరిచేశావు."

ప్రీమియం అడగబోయావా, సాదా అడగబోయావా అని అడగబోయి మానుకుని, సీసా తీసుకెళ్ళి కారులో పోశాను.

ఆ సాదా పెట్రోలుతోనే కూర్మన్నపాలెం వెళ్ళాం. అమ్మ ఆ గుమ్మం తొక్కింది, ఏమీ కాలేదు. అక్కకి బొట్టు పెట్టి మళ్ళీ పిలిచాం. బావ వస్తానన్నాడు. చేపలు అక్క వండింది. పులుసా వేపుడా అని నేను వంటింట్లోకి వెళ్ళి, బావని అడగవే అన్నాను. అక్క నన్ను వింతగా చూసి, ఆయన్నేటి అడిగీది అని పులుసు పెట్టేసింది.

గృహప్రవేశం రోజు పొద్దున్న నేనే వెళ్ళి ఇద్దర్నీ ఎక్కించుకున్నాను. ముందు సీట్లో పట్టుపంచెతో బావ. వెనక అక్క, ఒడిలో కొత్త ఇత్తడి గిన్నె, చేతిలో పాలక్యాను. అమ్మా నా భార్యా పంతులుగారితో పెందుర్తిలో ఉన్నారు. కారులో పెట్రోలు కావాలనే పోయించలేదు. ముహూర్తం దగ్గరపడుతోందని తెలిసీ గోపాలపట్నం బంకులోకి తిప్పాను.

బంకావిడ ఎడమవైపు వచ్చి కిటికీలోకి వంగింది. "ప్రీమియమా, సాదానా అన్నా?"

"బావా, ఏది కొట్టించమంటావు?" అన్నాను నేను.

బావ కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు.

"బండి ఏ సంవత్సరంది?" అన్నాడు. చెప్పాను. మైలేజీ ఎంతిస్తుందని అడిగాడు. చెప్పాను. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనులో టకటకమని చప్పుడొస్తుందా అన్నాడు. రాదన్నాను. "ఎప్పుడూ రాలేదా?" అన్నాడు. బాగా ఆలోచించి, ఎప్పుడూ రాలేదన్నాను. వెనక ఆటోలు హారన్లు మొదలుపెట్టాయి. ఒక ఆటో ఆయన తల బయటికి పెట్టి "ఓ బాబూ! పెట్రోలు కొట్టిత్తన్నారా, పెళ్ళిసూపులు సూత్తన్నారా?" అని కేకేశాడు. నా ఫోను మోగింది. అమ్మ. పంతులుగారు గడియారం చూస్తున్నారని చెప్పడానికే అయ్యుంటుంది. ఎత్తలేదు. వెనకనుంచి అక్క "బేగి సెప్పండి, ముహూర్తం దాటిపోద్ది!" అంది. నేను అద్దంలోంచి అక్కకేసి చూసి, వద్దన్నట్టు తలూపాను. పాలు పొంగకపోతే నేనేం కావాలి? అయినా నోరెత్తలేదు.

బావ బంకావిడ వైపు తిరిగాడు.

"సాదాయే కొట్టమ్మా. ఈ బండికి అది చాలు." ఆ తర్వాత నా వైపు తిరిగి, నెమ్మదిగా, "ప్రీమియం పోసినా దీనికి ఎక్కదు బామ్మర్దీ. వృథా," అన్నాడు.

"అలాగా బావా?" అన్నాను.

పెందుర్తి చేరేసరికి పంతులుగారు వీధిలోకొచ్చి నిలబడి ఉన్నారు. ఇంకా కాస్త వ్యవధి ఉంది, రండి రండి అని తోసుకుంటూ లోపలికి తీసుకుపోయారు. అక్క పొయ్యికి బొట్టుపెట్టి, గిన్నెలో పాలు పోసి కూర్చుంది. అందరూ మూగారు. అమ్మ అగ్గిపెట్టె నా చేతిలో పెట్టి, అక్కకి ఇవ్వమంది. నేను ఇవ్వకుండా బావ వైపు తిరిగాను.

"బావా, వెలిగించమంటావా?"

ముహూర్తం పెట్టుకుని ఇదేం ప్రశ్న అన్నట్టు పంతులుగారు నోరు తెరిచారు. అమ్మ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. బావ జనాన్ని తప్పించుకుని పొయ్యి దగ్గరకొచ్చాడు. వంగి గిన్నెలోకి తొంగిచూశాడు. పాలు చూశాడు, మూత చూశాడు, గ్యాసు ట్యూబు బిగించి ఉందో లేదో వేలితో లాగి చూశాడు.

"ఊఁ," అన్నాడు. "వెలిగించండి."